పిల్లాడి కోపానికి మందా, వేరా? ముందు సీసాల మీద పేర్లు చదవండి

ప్రశ్న: మాది రాయగడ. బాబుకి ఎనిమిదేళ్లు, ఒడియా బడిలో మూడో తరగతి. ఏడాదిన్నరగా చిన్నదానికే కోపం తెచ్చుకుని చేతికందింది విసిరేస్తున్నాడు. ఒక్కచోట కూర్చోడు, సాయంత్రమైతే ఊరికే ఏడుస్తాడు. విశాఖలో చూపిస్తే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, అతిగా కదిలే సమస్య) అని మందు రాశారు. మొదలుపెట్టాలంటే భయంగా ఉంది. మా అత్తగారు మంత్రం వేసే గుణియాతో తాయెత్తు కట్టించి, వేరు పొడి తెచ్చారు. మా అన్నయ్య ఆయుర్వేదం అంటాడు, పక్కింటివాళ్లు హోమియో అంటారు. గోధుమలు, పాలు మానిపిస్తే తగ్గుతుందని ఫోన్‌లో చూశాను. మెదడు శిక్షణకని 24,000 కట్టమని ఒకరు వెంటపడుతున్నారు. మందు లేకుండా తగ్గే దారి ఉందా? అన్నట్టు, రెండేళ్ల కిందట మలేరియాలో ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచి గార్డినాల్ వేస్తున్నాం, మళ్లీ రాలేదు. పిల్లికూతలకి రాత్రిపూట మాంటెలుకాస్ట్ మాత్ర కూడా ఉంది.

జవాబు:

అమ్మా, ఉత్తరం చివర "అన్నట్టు" అని మీరు రాసిన మాటల దగ్గరే ముందు ఆగాలి. కొత్తగా ఏం వెయ్యాలా అని మీరు వెతుకుతున్నారు. ఇప్పటికే బాబు కడుపులోకి వెళుతున్నవాటిలో రెండు మందులు పిల్లల స్వభావాన్ని మార్చగలవి.

గార్డినాల్ అంటే ఫీనోబార్బిటోన్. చౌక, పాత మందు, ఫిట్స్‌ని బాగానే ఆపుతుంది. పెద్దవాళ్లకి మత్తుగా ఉంటుంది గానీ, చాలామంది పిల్లల్లో దీని పని తిరగబడుతుంది: కాలు నిలవదు, చిరాకు, ఏడుపు, నిద్ర చెడడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. మీరు రాసిన లక్షణాలు దాదాపు ఇవే. దీని బదులు ఈమధ్య ఎక్కువగా రాస్తున్న లెవెటిరాసెటామ్ వల్ల కూడా కొందరు పిల్లలకి కోపం పెరుగుతుంది, కాబట్టి మందు మార్చినంత మాత్రాన సమస్య తీరిందనుకోకూడదు. ఇక మాంటెలుకాస్ట్. నిద్రలో ఉలికిపాటు, పీడకలలు, చిరాకు, దిగులు, ఒక్కోసారి చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తున్నాయని 2020 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జతచేయించింది. మన దగ్గర జలుబు సిరప్‌లలో లెవోసెట్రిజిన్‌తో కలిపి దీన్ని నెలల తరబడి ఇస్తుంటారు.

బాబు కోపానికి కారణం ఖాయంగా ఇవేనని ఉత్తరం చూసి చెప్పలేం. అయినా వీటిని పక్కన పెట్టి ఏడీహెచ్‌డీ అని ముద్ర వేయడం కుదరదు. విశాఖలో చూసిన డాక్టరుగారికి ఈ రెండు మందుల సంగతి తెలుసా? ఫిట్స్ మందు ఒకచోట, ఆయాసం మాత్ర ఇంకోచోట, కోపానికి మూడోచోట రాయించుకుంటే ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. మన సరిహద్దు ఊళ్లలో ఇది మామూలే: జ్వరానికి రాయగడ, పెద్దదానికి విశాఖ, మధ్యలో కొరాపుట్. చీటీలు మాత్రం బీరువాలోనే ఉండిపోతాయి.

ఇది చదవగానే గార్డినాల్ ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది, అది ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా డాక్టరే తగ్గించాలి. రెండేళ్లుగా ఫిట్స్ లేవంటున్నారు కాబట్టి ఈ మందు ఇంకా కావాలా అని అడగడానికి ఇదే సరైన సమయం. మాంటెలుకాస్ట్ విషయం కూడా పిల్లల డాక్టరుని అడిగి తేల్చుకోండి. పిల్లికూతలకి స్పేసర్ అనే గొట్టంతో పీల్చే మందు చాలామందికి సరిపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇంట్లో బాబుకి వేస్తున్నవన్నీ, వేరు పొడి, టానిక్కు, తలకి రాసే నూనెతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఒక కాగితం మీద ఎడమవైపు ఏ మందు ఏ నెలలో మొదలైందో, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూట వేస్తున్నారో రాయండి. కుడివైపు కోపం, ఏడుపు, నిద్ర చెడడం ఏ నెలలో మొదలయ్యాయో రాయండి. రెండు వరసలు పక్కపక్కన పెడితే, అయిదు నిమిషాలు కూడా దొరకని ఓపీలో సైతం డాక్టరుకి విషయం అందుతుంది. అప్పుడు ఇవి అడగండి: ఇది ఫిట్స్ మందు ప్రభావమా? పిల్లాడు మధ్యమధ్య శూన్యంలోకి చూస్తుంటే, ఇఇజీ (మెదడు తరంగాల పరీక్ష) తియ్యాలా? రక్తపరీక్షలు ఏం కావాలి?

ఆ రెండో ప్రశ్న ఎందుకంటే, కింద పడి కొట్టుకునేవి మాత్రమే ఫిట్స్ కావు. కొందరు పిల్లలు రోజుకి ఎన్నోసార్లు అయిదు పది సెకన్లపాటు చూపు నిలిచిపోయి, పిలిస్తే పలకరు, మళ్లీ ఏమీ జరగనట్టు పని చేసుకుంటారు. బడిలో దాన్ని పరధ్యానం అంటారు. ఊహల్లో మునిగిన పిల్లాడు భుజం తడితే ఇటు తిరుగుతాడు, ఫిట్స్‌లో ఉన్నవాడు తిరగడు. ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. మెదడుకి ఎక్కిన మలేరియా తగ్గాక కూడా కొందరిలో ఫిట్స్, ప్రవర్తనలో మార్పు, చదువులో ఇబ్బంది మిగిలిపోతాయి. కాబట్టి అప్పటి ఆసుపత్రి కాగితాలు ఉంటే అవీ పట్టుకెళ్లండి.

రక్తపరీక్షల్లో ముఖ్యమైనవి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువైతే రక్తహీనత. అది బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు. ఫెరిటిన్ చూస్తేనే అది తెలుస్తుంది: 15 లోపైతే కొరత ఖాయం. ఇనుము తగ్గిన పిల్లలు చిరాకు పడతారు, నిద్రలో కాళ్లు కొట్టుకుంటారు, పగలు ధ్యాస నిలపలేరు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది, కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే చేయించండి. మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కొరాపుట్, రాయగడ వైపయినా, అటు గడ్చిరోలి వైపయినా సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బున్న కుటుంబాలు తక్కువేమీ కావు. ఆ పరీక్ష చేయించకుండా నెలల తరబడి ఐరన్ టానిక్ పట్టకండి, ఆ జబ్బున్న కొందరిలో ఒంట్లో ఇనుము ముందే ఎక్కువ ఉంటుంది. కొరత తేలితే డాక్టరు మామూలుగా కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున రాస్తారు. దాన్ని నిమ్మరసంతో ఇవ్వండి. టీ, పాలు అటు గంట ఇటు గంట దూరం పెట్టండి. బడిలో వారానికొకటి ఇచ్చే గులాబీ మాత్రలో 45 మిల్లీగ్రాములు ఉంటుంది, అది కొరత రాకుండా చూడడానికే గానీ వచ్చినదాన్ని తీర్చడానికి చాలదు. ఐరన్ సీసా మాత్రం పిల్లలకి అందని చోట పెట్టండి. తియ్యగా ఉందని తాగేస్తే ప్రాణం పోతుంది.

చెవి పరీక్ష, గురక కూడా మర్చిపోకండి. నోరు తెరిచి గురకపెట్టే పిల్లాడికి ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగి ఉంటే రాత్రి నిద్ర ముక్కలై, పగలంతా కోపంగా మారుతుంది.

ఇక మీరు అడిగిన దారులు. ప్రత్యామ్నాయం అనగానే అన్నీ ఒక గాటన కట్టక్కర్లేదు. ఒంట్లోకి వెళ్లేది, ఒంటిని నొప్పించేది, ఉన్న మందు మానిపించేది: ఈ మూడింటికీ గట్టిగా వద్దు అనండి. మిగతావాటితో గొడవ అక్కర్లేదు. అత్తగారు కట్టించిన తాయెత్తు ఉంచండి. మజ్జిగౌరమ్మకి మొక్కుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల మనసు కుదుటపడితే పిల్లాడికీ మంచిదే. గుణియా ఇచ్చిన పొడి మాత్రం వెయ్యొద్దు. అందులో ఏముందో ఆయనకి తెలిసినా, ఎంత మోతాదుకి ఏమవుతుందో ఎవరూ తూచి చూడలేదు. ఫిట్స్ మందు మీదున్న పిల్లాడికి అది ఎలా కలుస్తుందో అసలే తెలియదు. పస్తు పెట్టించడం, మిరపకాయల పొగ, కొట్టడం, కాల్చిన ఇనుముతో వాతలు, వీటిలో ఏది చెప్పినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కొరాపుట్, నవరంగపూర్ పల్లెల్లో చెంక పేరుతో పసికందుల పొట్ట మీద పెట్టే వాతలు పుండ్లయి పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు.

కర్పూరం గురించి విడిగా చెప్పాలి. ఫిట్స్ వచ్చిన పిల్లాడున్న ఇంట్లో కర్పూరం కలిపిన నూనె తలకి, ఛాతీకి రాయడం, కర్పూరం మూటకట్టి వాసన చూపించడం మానేయండి. కర్పూరం చిన్న ముక్క మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలానికీ ఇదే జాగ్రత్త. పూజలో హారతి పళ్లెం పిల్లాడికి దూరంగా ఉంటే చాలు, భయపడక్కర్లేదు.

ఆయుర్వేదం అంటే మీ అన్నయ్య బ్రాహ్మి, శంఖపుష్పి లాంటివి అనుకుంటున్నారేమో. బ్రాహ్మి మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కోపానికి పనిచేస్తుందని చెప్పే బలం వాటికి లేదు. శంఖపుష్పి సిరప్ ఫెనిటాయిన్ అనే మరో ఫిట్స్ మందు శాతాన్ని రక్తంలో తగ్గించేస్తుందని మన దేశంలోనే గమనించారు. తగ్గిపోయిన ఫిట్స్ మళ్లీ వచ్చాకే అది బయటపడింది. అందుకే బాబు ఫిట్స్ మందు మీద ఉన్నంతకాలం జ్ఞాపకశక్తి సిరప్‌లు వద్దు. అసలు భయం రసౌషధాలతో. మానసిక జబ్బులకి, మూర్ఛకి ఇచ్చే స్మృతిసాగర రసంలో పాదరసం, తాళకం, మనశ్శిల ఉంటాయి; చివరి రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. నాగ భస్మం అంటే సీసం. సీసం పిల్లల మెదడుని దెబ్బతీసి, మీరు తగ్గించాలనుకుంటున్న కోపాన్నీ పరధ్యానాన్నీ అదే తెచ్చిపెడుతుంది. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు చేరినా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. డబ్బా మీద రసం, భస్మం, సిందూరం, పారదం అని ఉన్నా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేకపోయినా కొనకండి. ఇప్పటికే కొన్నాళ్లు వాడి ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పి, రక్తంలో సీసం పరీక్ష అడగండి. మాటలు రావాలని పసిపిల్లల నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాయడం కూడా మంచిది కాదు. అందులోని బీటా అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని 1968లోనే అమెరికాలో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు.

హోమియో గుళికల్లో 30 పొటెన్సీ దాటాక చక్కెర తప్ప మూలపదార్థం మిగలదు. దానివల్ల హాని లేదు, పని కూడా లేదు. దాన్ని నమ్ముకుని ఆరు నెలలు ఆగడమే నష్టం. 24,000 రూపాయల మెదడు శిక్షణకి కట్టకండి. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అయితే దానికి శాస్త్రీయ ఆధారం ఏదీ లేదు. తలకి వైర్లు పెట్టి చేసే న్యూరోఫీడ్‌బ్యాక్ అయితే, ఎవరికి అసలుది, ఎవరికి ఉత్తుత్తిది ఇస్తున్నారో తెలియకుండా పరీక్షించినప్పుడు రెండిటికీ తేడా కనపడలేదు.

తిండి సంగతికి వస్తే, గోధుమలు మానడం వల్ల మీకు పెద్ద నష్టం లేదు. అన్నం, చోడి అంబలి తినే ఇల్లు కదా. పాలు మానిపిస్తేనే ఇబ్బంది. గార్డినాల్ చాలాకాలం వాడితే ఒంట్లో విటమిన్ డి తగ్గుతుంది, దానిమీద పాలు కూడా ఆపితే ఎముకలు దెబ్బతింటాయి. ఇంత చేసినా కోపం తగ్గుతుందన్న రుజువు లేదు. చక్కెర తింటే పిల్లలు చెలరేగుతారన్నది కూడా 1990లలో జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో నిలవలేదు. రంగుల విషయంలో మాత్రం కొంత నిజం ఉంది. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో చేసిన అధ్యయనం తర్వాత, ఆరు రంగుల్లో ఏదున్నా ఆ తినుబండారం మీద పిల్లల చురుకుదనం, ధ్యాసపై చెడు ప్రభావం ఉండొచ్చని రాయాలని 2010లో యూరప్ నియమం పెట్టింది. ప్రభావం చిన్నదే, కొందరు పిల్లల్లోనే. అయినా మానడానికి ఖర్చు లేదు కాబట్టి మానిపించండి: ప్యాకెట్ వెనక ఐఎన్‌ఎస్ 102, 110, 122, 124, కూల్‌డ్రింకుల్లో 211 (ఇది రంగు కాదు, నిల్వకి కలిపే సోడియం బెంజోయేట్) అన్న అంకెలు చూడండి. నాలుగు వారాలు ఆపి చూస్తే తెలిసిపోతుంది.

చేప నూనె వల్ల కొన్ని అధ్యయనాల్లో చిన్న మేలు కనిపించింది, కొన్నింటిలో అదీ లేదు. ప్రయత్నించాలంటే లెక్క తెలిసి చేయండి. 1000 మిల్లీగ్రాములని రాసిన మామూలు క్యాప్సూల్‌లో పనిచేసే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 మిల్లీగ్రాములు మాత్రమే ఉంటాయి. మేలు కనిపించిన చోట రోజుకి 500 దాకా ఈపీఏ ఇచ్చారు, అంటే మూడు క్యాప్సూళ్లు, మూడు నెలలు. ఒకటి వేసి పనిచేయలేదనడం, కాడ్ లివర్ ఆయిల్‌ని అదే లెక్కన వేయడం, రెండూ పొరపాట్లే. కాడ్ లివర్‌లో విటమిన్ ఎ మోతాదు మించిపోతుంది. వారానికి రెండుసార్లు కవళ్లు, కానగంతలు లాంటి చేపలు దొరికితే అదే మంచి దారి.

మందు లేని దారుల్లో నిజంగా పనిచేస్తుందని రుజువైనది తల్లిదండ్రులు ఇంట్లో చేసేదే, అది పద్ధతిగా చేస్తేనే. ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి: ఎన్ని గంటలకి కోపం వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు, ఎన్ని నిమిషాలకి తగ్గింది. చాలా ఇళ్లలో ఆ మూడో గడిలోనే గుట్టు బయటపడుతుంది: అరిస్తే ఫోన్ చేతికొస్తుంది, లేదా హోంవర్క్ తప్పిపోతుంది.

తర్వాత రోజూ పదిహేను నిమిషాలు ఒకే వేళకి బాబుతో కూర్చోండి. ఆట వాడిది, మీరు వెంట ఉంటారంతే. ప్రశ్నలు, పాఠాలు, తప్పులు దిద్దడం అప్పుడు వద్దు. ఆరోజు ఎంత అల్లరి చేసినా ఆ పదిహేను నిమిషాలు రద్దు చేయకూడదు. పని చెప్పేటప్పుడు వంటింట్లోంచి కేకెయ్యకుండా దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్క పనే చెప్పండి. "బూట్లు అరలో పెట్టు." అయిదు సెకన్లు ఆగండి. చేస్తే వెంటనే, చేసిన పని పేరు చెప్పి మెచ్చుకోండి: "చెప్పగానే పెట్టావు." ఒట్టి "మంచి పిల్లాడు" అంటే దేనికో వాడికి తెలియదు. ఒక గాజు సీసా పెట్టి, అనుకున్న రెండు మూడు పనులకి ఒక్కో చింతపిక్క వెయ్యండి. అయిదు చేరితే అదేరోజు ఏదో ఒకటి, కథో, సైకిల్ తొక్కుడో. ఒకసారి వేసిన పిక్కని కోపంలో వెనక్కి తీయకండి, తీస్తే ఆ సీసా మీద వాడికి నమ్మకం పోతుంది. అరుపులు, గొణుగుడు పట్టించుకోకండి. విసరడం, కొట్టడం మాత్రం పట్టించుకుని, ఎనిమిది నిమిషాలు ఒక చోట కూర్చోబెట్టండి. తిట్లు, ఉపన్యాసం వద్దు.

చాలామంది మధ్యలో వదిలేసేది ఒకే చోట. పట్టించుకోవడం మానిన మొదటి వారం అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. ఇదివరకు పనిచేసిన అరుపు ఇప్పుడు పనిచేయడం లేదని ఇంకా గట్టిగా అరుస్తాడు. ఆ వారంలో అత్తగారు జాలిపడి ఫోన్ ఇస్తే, మరింత గట్టిగా అరిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. అందుకే మొదలుపెట్టేముందు ఇంట్లో పెద్దలందరూ కూర్చుని ఒక మాట మీదికి రండి. అత్తగారికి చింతపిక్కల సీసా అప్పగించండి, ఆవిడే పిక్కలు వేసే మనిషైతే పద్ధతి నిలబడుతుంది.

నిద్ర 9 నుంచి 12 గంటలు ఉండాలి. ఫోన్ పడుకునే గంట ముందు ఆపాలి. హోంవర్క్‌కి ముందు ఇరవై నిమిషాలు చెమట పట్టేలా పరిగెత్తనివ్వండి.

బడి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ అది చిన్న విషయం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాఠం సగం అర్థం కాని పిల్లాడు కదులుతూనే ఉంటాడు. లెక్కల పీరియడ్‌లో కుదురుగా ఉండి, సాహిత్యం (ఒడియా పాఠం) పీరియడ్‌లోనే లేస్తున్నాడా అని మాస్టారుని అడగండి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు కనీసం రెండు చోట్ల, ఆరు నెలలు ఉండాలి. అందుకే మాస్టారు నింపే ప్రశ్నావళి లేకుండా నిర్ధారణ చేయకూడదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లల ఎదుగుదల, ప్రవర్తన, చదువు ఇబ్బందులకి ఉచితంగా చూస్తారు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించి చూసే కేంద్రం) ఎక్కడని అడగండి. పెద్ద పరీక్ష కావాలంటే కొరాపుట్ మెడికల్ కాలేజీ, లేదా తెలుగులో మాట్లాడుకోవడానికి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. ప్రయాణం కుదరకపోతే టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగు ఎంచుకోండి.

వీటిలో దేనికీ ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి ఉన్నాయి. బాబు చచ్చిపోతాననడం, తనని తాను గాయపరుచుకోవడం, నేర్చుకున్న మాటలు, పనులు పోగొట్టుకోవడం, పొద్దున్నే తలనొప్పి వాంతులు, ఫిట్స్ అయిదు నిమిషాలు దాటడం. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో స్పూను గానీ చేతిలో తాళాలు గానీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక మీరు భయపడుతున్న ఆ మందు. పైవన్నీ సరిచూసి, ఫిట్స్ మందు సంగతి తేలి, రెండు మూడు నెలలు ఇంటి పద్ధతి నడిపాక కూడా బడిలోనూ ఇంట్లోనూ బాబు అలాగే అవస్థ పడుతుంటే, అప్పుడు మందు మొదలుపెట్టడానికి వెనకాడొద్దు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఖాయమైతే మందు, ప్రవర్తన శిక్షణ కలిపి ఇవ్వడమే మంచి వైద్యం. రాసింది మిథైల్‌ఫెనిడేట్ అయితే మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. గంటలోపు పనిచేస్తుంది, మామూలు మాత్ర నాలుగు గంటలకి దిగిపోతుంది. అందుకే పడకపోతే ఆ రోజే తెలుస్తుంది. మధ్యాహ్నం ఆకలి మందగిస్తుంది, కాబట్టి పొద్దున్న కడుపునిండా తిన్నాకే వెయ్యండి. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు, బీపీ రాయించుకోవాలి. డాక్టరు చెప్పిన మోతాదులో పిల్లలు దీనికి అలవాటు పడిపోరు. అటోమాక్సెటిన్ అయితే ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే లాభం లేదని ఆపొద్దు. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులు కావాలి, ప్రత్యేక లైసెన్సున్న దుకాణంలోనే అమ్ముతారు. విశాఖలో ఉన్నప్పుడే ఏ దుకాణంలో దొరుకుతుందో, రాయగడకి దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో డాక్టరుగారినే అడిగి రాసుకోండి. మాత్రలు ఇంకా పది రోజులకి ఉండగానే మళ్లీ తెచ్చుకోండి.